ఖాళీ కుర్చీ ఎవరిది?

యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి స్టేడియంలో మామూలుగా ఆటలు జరుగుతాయి. 2025 నవంబరు 14న మాత్రం అక్కడ లెక్కలు జరిగాయి. జూబ్లీహిల్స్ శాసనసభ స్థానానికి వచ్చిన ఉప ఎన్నికలో ఓట్ల లెక్కలవి. ముందుగా తెరిచింది షేక్‌పేట డివిజన్ యంత్రాలు. తొలి రౌండు ముగిసేసరికి మొదటి ఇద్దరి మధ్య తేడా వంద ఓట్లయినా లేదు. టీవీల ముందు కూర్చున్నవాళ్లు కాసేపు ఊపిరి బిగబట్టారు. ఆ తర్వాత మిగతా డివిజన్ల పెట్టెలు తెరుచుకుంటున్నకొద్దీ తేడా పెరుగుతూ పోయింది. చివరికి కాంగ్రెస్ అభ్యర్థి నవీన్‌ యాదవ్‌కు 98,988 ఓట్లు, భారాస అభ్యర్థి మాగంటి సునీతకు 74,259 ఓట్లు, భాజపా అభ్యర్థి లంకల దీపక్‌రెడ్డికి 17,061 ఓట్లు తేలాయి. నాలుగో స్థానం నోటాది!

బరిలో నిలిచింది మొత్తం 58 మంది. ఒక యంత్రం మీద 16 పేర్లే పడతాయి కాబట్టి ఒక్కో పోలింగ్ కేంద్రంలో నాలుగేసి యంత్రాలు వరసగా పేర్చాల్సి వచ్చింది. పోలైన ఓట్లలో ఆరో వంతు వస్తేనే ధరావతు తిరిగొస్తుంది. ఆ లెక్కన 58 మందిలో 56 మందికి డబ్బు వెనక్కి రాలేదు.

ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ 2025 జూన్ 8న కన్నుమూయడంతో ఆ కుర్చీ ఖాళీ అయింది. అయిదు నెలల తర్వాత అందులో ఎవరు కూర్చోవాలో చెప్పమని దాదాపు నాలుగు లక్షల మందిని అడిగారు. అందులో సగం మంది కూడా గడప దాటలేదు.

ఇప్పుడు ఒక్కసారి వెనక్కి వెళ్దాం. ఇలాగే ఒక సభ్యుడు చనిపోయి, ఇలాగే ఒక కుర్చీ ఖాళీ అయింది. అందులోకి వచ్చింది ఓ తెలుగువాడు. అయితే ఆయన కోసం ఒక్కరంటే ఒక్కరు కూడా ఓటేయలేదు. ఎందుకంటే ఓటన్నదే లేదు. ఆ ఏడాది 1863. ఆ ఊరు మద్రాసు.

దొరగారి సంతకం

1861లో లండన్ పార్లమెంటు ఇండియన్ కౌన్సిల్స్ చట్టం చేసింది. సిపాయిల తిరుగుబాటు జరిగి అప్పటికి నాలుగేళ్లు. ఈ దేశంలో చట్టాలు చేసేటప్పుడు ఇక్కడివాళ్ల మాట కొంచెమైనా చెవిన పడకపోతే మళ్లీ ఎక్కడ నిప్పు రాజుకుంటుందో అన్న భయం దొరలకు పట్టుకుంది. అందుకని మద్రాసు, బొంబాయి గవర్నర్లు చట్టాలు చేసే పనికి మాత్రం నలుగురికి తగ్గకుండా, ఎనిమిది మందికి మించకుండా అదనపు సభ్యుల్ని వేసుకోవచ్చన్నారు. వాళ్లలో సగం మందైనా ప్రభుత్వోద్యోగులు కానివాళ్లు ఉండాలి. గడువు రెండేళ్లు.

సభ్యుల్ని ఎంచేది గవర్నరే. ఆ సభలో ప్రశ్న అడగడానికి వీల్లేదు. బడ్జెట్ ఊసెత్తడానికి వీల్లేదు. ముందు పెట్టిన బిల్లు గురించి నాలుగు మాటలు చెప్పాలి, అంతే! అది శాసనసభ అంటే శాసనసభే... దర్బారు అంటే దర్బారే.

ఆ సభలోకి అడుగుపెట్టిన తొలి భారతీయుడు వెంబాకం శఠగోపాచార్యులు. మద్రాసులో పేరున్న వకీలు. 1863లో ఆయన చనిపోయారు. అదే ఏడాది సభ్యుల జాబితాలోకి వచ్చిన పేరు... గాజుల లక్ష్మీనరసు చెట్టి.

ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో మహా అయితే ఒక్క వాక్యం. ఆయన చేసిన పనికి అది అన్యాయమే. 1806లో మద్రాసులో తెలుగువారింట పుట్టారు. నీలిమందు, బట్టల వ్యాపారంలో బాగా గడించారు. గడించినదాన్ని దాచుకోకుండా 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లిషు పత్రిక పెట్టారు. 1852లో ‘మద్రాస్ నేటివ్ అసోసియేషన్’ స్థాపించారు. దక్షిణాదిలో రాజకీయ సంఘం అనదగ్గది అదే మొదటిది. ఆ సంఘం తరఫున పన్నుల భారం గురించి, కోర్టుల్లో ఏళ్లూపూళ్లూ నలిగే వ్యాజ్యాల గురించి ఏకంగా లండన్ పార్లమెంటుకే అర్జీ పంపారు.

పంపి ఊరుకోలేదు. 1853లో డాన్బీ సీమోర్ అనే బ్రిటిష్ ఎంపీ ఇక్కడి సంగతులు చూడటానికి వస్తే, చెట్టిగారు ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పారు. శిస్తు కట్టలేని రైతును ఎలా వసూలు చేస్తున్నారో కళ్లారా చూపించారు. వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కే ‘కిట్టి’ ఒకటి. మెడను వంచి కాళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం ఇంకొకటి. ఆ దొర లండన్ తిరిగి వెళ్లి 1854లో కామన్స్ సభలో గొంతెత్తాడు. ‘అబ్బే, అదంతా అభూతకల్పన’ అన్నవాళ్లున్నారు. చివరికి విచారణ సంఘం వేయక తప్పలేదు. 1855లో వచ్చిన ఆ సంఘం నివేదిక, శిస్తు వసూళ్లలో చిత్రహింసలు నిజమేనని ఒప్పుకుంది.

అంటే... ఒక్క ఓటూ లేకుండా, ఏ పదవీ లేకుండా, ఒక ప్రైవేటు మనిషిగా ఆయన చేసిన పని అది. ఓ ఎంపీ చేయాల్సిన పని! ఆ తర్వాత పదేళ్లకు దొరలు పిలిచి సభలో కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చున్నాక ప్రశ్న వేసే హక్కు లేదు. ఆయన 1868లో చనిపోయారు. పత్రికకూ సంఘానికీ ఖర్చుపెట్టీ పెట్టీ ఆయన సంపద అప్పటికే కరిగిపోయింది.

సిడ్నీలో ఒకలా... మద్రాసులో ఒకలా

ఇక్కడో తమాషా ఉంది. చెట్టిగారు సభలోకి వచ్చిన నాటి మద్రాసు గవర్నరు సర్ విలియం డెనిసన్. ఈయన మద్రాసుకు నేరుగా ఇంగ్లండు నుంచి రాలేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. 1855 నుంచి 1861 దాకా న్యూ సౌత్ వేల్స్ వలస రాజ్యానికి గవర్నరు. 1856లో సిడ్నీలో జనం ఎన్నుకున్న అసెంబ్లీతో కొత్త పార్లమెంటు మొదలైనప్పుడు, దాన్ని ప్రారంభించిన ప్రభువు ఈయనే. ఆ సభకు జవాబుదారీగా ఉండే తొలి మంత్రివర్గం చేత ప్రమాణం చేయించిందీ ఈయన హయాములోనే.

కాబట్టి డెనిసన్‌కు ఉప ఎన్నిక అంటే ఏమిటో తెలియక కాదు. సిడ్నీలో సభ్యుడు చనిపోయినా, రాజీనామా చేసినా స్పీకరు ఉత్తర్వు ఇవ్వడం, ఊళ్లో వేదిక కట్టడం, జనం ఓటేయడం... ఇవన్నీ ఆయనకు కరతలామలకం. అక్కడ ఖాళీ అయిన కుర్చీని ఓటరు నింపాడు. ఓడ దిగి మద్రాసు వచ్చాక అదే ఖాళీని నింపే పని తన కలానిది. మహారాణి ఒక్కతే, గవర్నరూ ఒక్కడే. మారింది జనం రంగు.

న్యూ సౌత్ వేల్స్‌లోనైనా అందరికీ ఓటుందనుకోవద్దు. 1856లో ఆస్తి, అద్దె, జీతం లెక్కలు చూసేవారు. 1858లో ఆ షరతులు దాదాపుగా తీసేసి మగవాళ్లందరికీ ఓటన్నారు. రహస్య బ్యాలెట్ కూడా అదే ఏడాది వచ్చింది. అంతకుముందు ఓటంటే బాహాటమే. ఎవరికి వేస్తున్నావో నలుగురిలో తెలిసిపోయేది. జమీందారు అక్కడే నిలబడి ఉంటే కౌలుదారు ఓటు ఎటు పడుతుందో వేరే చెప్పాలా? ఇంగ్లండులో ఈ రహస్య ఓటింగు 1872 దాకా రానేలేదు. ఈ సంగతిలో కన్నతల్లి కంటే పిల్లలే ముందు నడిచారు.

పక్కనే ఉన్న న్యూజిలాండ్‌ది ఇంకో చిత్రం. అక్కడి పార్లమెంటు తొలిసారి 1854 మే 24న ఆక్లండ్‌లో కొలువుదీరింది. దిగువ సభలో 37 మంది సభ్యులు. దక్షిణాన ఉన్న ఒటాగో నుంచి ఆక్లండ్ చేరాలంటే సముద్రం మీద రోజులకు రోజులు. జీతం లేదు. ఇంటి దగ్గర గొర్రెల మందలు, దుకాణాలు. ‘ఈ బాధ మనకెందుకు’ అని మధ్యలోనే రాజీనామా చేసి వెళ్లిపోయేవాళ్లు. అలా ఉప ఎన్నికలు వచ్చిపడుతూ ఉండేవి. 1862లో వెల్లింగ్టన్ సమావేశాలకు బయల్దేరిన ‘వైట్ స్వాన్’ అనే ఆవిరి ఓడ రాయిని గుద్దుకుని మునిగిపోయింది. సభ్యులు బతికి బయటపడ్డారు కానీ, సర్కారు దస్తరాలు సముద్రం పాలయ్యాయి. రాజధాని మధ్యలో ఉంటే ఈ గొడవ ఉండదని 1865లో వెల్లింగ్టన్‌కే మార్చేశారు.

అక్కడ ఎక్కడెక్కడ ఆస్తి ఉంటే అక్కడల్లా ఓటుండేది. 1881 దాకా ఎన్నికలు ఒక్కో చోట ఒక్కో రోజున జరిగేవి కాబట్టి, భాగ్యవంతుడు గుర్రమెక్కి ఊరూరా తిరిగి ఓటేసి రావచ్చు! ఆ దేశం అసలు వారసులైన మావోరీలకు మాత్రం భూమి ఉమ్మడి సొత్తు. ఎవరి పేరా విడిగా పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి ఓటూ లేదు. 1867లో చట్టం చేసి నాలుగంటే నాలుగు సీట్లు కేటాయించారు.

క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆ సభలో కూర్చున్న జాన్ క్రాక్రాఫ్ట్ విల్సన్ అనే పెద్దమనిషి పుట్టింది మన మద్రాసు రాజధానిలోనే. ఇక్కడ కొలువు చేసి, నౌకర్లను వెంటేసుకుని అక్కడికి వలసపోయాడు. తన ఎస్టేటుకు కాశ్మీరం గుర్తుగా ‘కాష్మీర్’ అని పేరు పెట్టుకున్నాడు. క్రైస్ట్‌చర్చ్‌లో ఆ పేట పేరు ఇప్పటికీ అదే. మద్రాసు గడ్డ మీద పుట్టిన తెల్లవాడు అక్కడ ఓట్లడిగి గెలుస్తున్న ఆ 1860లలోనే, మద్రాసు గడ్డ మీద పుట్టిన లక్ష్మీనరసు చెట్టి ఇక్కడ గవర్నరు పిలుపు కోసం చూడాల్సి వచ్చింది.

మంత్రి అయితే మళ్లీ పరీక్ష

సభ్యుడు చనిపోతేనో, వదిలేస్తేనో ఉప ఎన్నిక రావడం మనకు తెలుసు. కానీ 19వ శతాబ్దంలో ఇంకో వింత నియమం ఉండేది. ఎంపీకి మంత్రి పదవి ఇస్తే అతని సీటు పోతుంది! రాజుగారి జీతం తింటున్నావు కాబట్టి, మళ్లీ మీ ఊరెళ్లి ‘నేను మంత్రినయ్యాను, మీకు సమ్మతమేనా’ అని ఓటర్లను అడిగి రావాలి. ఇంగ్లండులో పుట్టిన ఈ పద్ధతే సిడ్నీకీ వెళ్లింది. డెనిసన్ ఏలుబడిలో 1856 ఒక్క ఏడాదిలోనే మూడు మంత్రివర్గాలు మారాయి. మారినప్పుడల్లా కొత్త మంత్రులు ఓటర్ల దగ్గరికి పరుగు. పదవి రాగానే పూలదండ పడుతుందో, ప్రత్యర్థి పడగొడతాడో తెలియదు.

దీంతో చరిత్రే మలుపు తిరిగిన సందర్భం ఐర్లండ్‌లో ఉంది. 1828లో క్లేర్ ఎంపీకి మంత్రి పదవి వచ్చి ఉప ఎన్నిక పెట్టాల్సి వచ్చింది. ఆయన మీద డేనియల్ ఓకానెల్ నిలబడ్డాడు. కేథలిక్కులు పార్లమెంటులో కూర్చోవడానికి అప్పటికి వీల్లేదు. నిలబడటానికి మాత్రం అడ్డులేదు. నిలబడ్డాడు, గెలిచాడు. ‘గెలిచినవాణ్ని గుమ్మం బయటే ఆపుతారా’ అని ఐర్లండ్ అట్టుడికింది. మరుసటి ఏడాదే ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. విన్‌స్టన్ చర్చిల్ అంతటివాడు 1908లో మంత్రి అయ్యి, ఈ నియమం కింద మాంచెస్టర్‌లో మళ్లీ నిలబడి ఓడిపోయాడు. ఇంకో ఊరు చూసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండులో 1926 దాకా ఈ పద్ధతి పూర్తిగా పోలేదు.

మనది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఇక్కడ సభ్యుడు కానివాడు కూడా మంత్రి కావచ్చు, ముఖ్యమంత్రి కావచ్చు, ప్రధానే కావచ్చు. ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నికైతే చాలు. 1991లో లోక్‌సభ ఎన్నికలకు దూరంగా ఉండి, పెట్టేబేడా సర్దుకుంటున్న పీవీ నరసింహారావు జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేశారు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగు బిడ్డ ప్రధాని అయ్యాడని తెదేపా పోటీ పెట్టలేదు. 5 లక్షల 80 వేల పైచిలుకు ఆధిక్యం!

జూబ్లీహిల్స్‌లోనూ అదే నియమం తొంగిచూసింది. 2023లో ఇదే స్థానంలో కాంగ్రెస్ తరఫున పోటీచేసి గోపీనాథ్ చేతిలో 16,337 ఓట్ల తేడాతో ఓడిన మాజీ క్రికెట్ కెప్టెన్ అజహరుద్దీన్, ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే 2025 అక్టోబరు 31న మంత్రిగా ప్రమాణం చేశారు. పోలింగుకు సరిగ్గా పదకొండు రోజుల ముందు. పాత సిడ్నీ పద్ధతే ఇక్కడ ఉంటే ‘ముందు ఓటరు, తర్వాత కారు’ అనేవారు. మనం ముందు కారిచ్చి, తర్వాత ఓటరు దగ్గరికి వెళ్లమన్నాం. రెంటిలో ఏది మేలంటే... ఈ వ్యాసకర్త ఓటు పాతదానికే.

దివాలా తీసినా గెలుపే

సభ్యత్వం పోవడానికి అప్పట్లో ఇంకో రాజమార్గం దివాలా. ఆస్ట్రేలియా సమాఖ్యకు పితామహుడని పిలుచుకునే సర్ హెన్రీ పార్క్స్ మాట ఖరీదైంది కానీ, వ్యాపారం మాత్రం అచ్చిరాలేదు. 1858లో అప్పుల్లో మునిగి అసెంబ్లీకి రాజీనామా చేశాడు. తిరిగొచ్చాడు. 1870లో మళ్లీ మునిగి మళ్లీ వదిలేశాడు. 1872లో మడ్జీ ఉప ఎన్నికలో గెలిచి వచ్చి, అదే ఏడాది ఏకంగా ముఖ్యమంత్రి అయ్యాడు.

న్యూజిలాండ్‌లో జోసెఫ్ వార్డ్ కథ అంతకంటే రుచి. 1897లో ఆయన దివాలా తీశాడు. దివాలా తీసిన సభ్యుడి సీటు పోతుందని చట్టం. వార్డ్ రాజీనామా చేశాడు. అయితే చట్టం రాసినవాళ్లు ఒకటి మరిచిపోయారు. సభలో ఉండగా దివాలా తీయకూడదన్నారు కానీ, దివాలా తీసినవాడు ఎన్నికల్లో నిలబడకూడదని ఎక్కడా రాయలేదు! వార్డ్ అదే అవరువా సీటుకు అదే ఏడాది ఆగస్టులో మళ్లీ నిలబడ్డాడు. ఇంకా ఎక్కువ మెజారిటీతో గెలిచాడు. 1906లో ఆ దేశానికి ప్రధాని కూడా అయ్యాడు.

మన రాజ్యాంగం రాసినవాళ్లు ఈ కంత పూడ్చారు. 191వ అధికరణం ప్రకారం దివాలా తీసి ఇంకా బయటపడనివాడు ఎమ్మెల్యేగా ఉండటానికీ వీల్లేదు, ఎన్నిక కావడానికీ వీల్లేదు.

గుమ్మం బయట నిలబెట్టిన మనిషి

మద్రాసులో లక్ష్మీనరసు చెట్టి పోయాక కూడా పద్ధతి మారలేదు. ఆ మార్పు వెనక ఉన్నది ఉప ఎన్నికల్లోనే రాటుదేలిన ఓ ఇంగ్లిషువాడు. చార్లెస్ బ్రాడ్లా. నార్తాంప్టన్ నుంచి 1880లో గెలిచాడు. దేవుణ్ని నమ్మనివాడు కాబట్టి దేవుడి పేరుతో కాక మాట మీద ప్రమాణం చేస్తానన్నాడు. సభ కుదరదంది. సీటు ఖాళీ అయిందంది. ఉప ఎన్నిక పెడితే 1881లో మళ్లీ అతనే గెలిచాడు. 1882లో మళ్లీ. 1884లో మళ్లీ! నార్తాంప్టన్ ఓటర్లు మొండివాళ్లు. ‘మాకు అతనే కావాలి’ అంటారు. సభ ‘మాకొద్దు’ అంటుంది. ఎట్టకేలకు 1886లో లోపలికి రానిచ్చారు.

గుమ్మం బయట నిలబడ్డవాడికే గుమ్మం బయట నిలబడ్డవాడి బాధ తెలుస్తుంది. బ్రాడ్లా 1889 డిసెంబరులో బొంబాయి కాంగ్రెస్ సభకు వచ్చాడు. భారతీయులకు శాసన మండళ్లలో ఎన్నికలు ఉండాలంటూ తిరిగి వెళ్లి లండన్‌లో బిల్లు పెట్టాడు. 1891 జనవరిలో చనిపోయాడు. అంత్యక్రియలకు వెళ్లిన జనంలో, అప్పుడు లండన్‌లో చదువుకుంటున్న గాంధీ అనే కుర్రాడూ ఉన్నాడు.

1892లో కొత్త కౌన్సిల్స్ చట్టం వచ్చింది. అందులో ‘ఎన్నిక’ అన్న మాట కోసం వెతికితే కనపడదు. జిల్లా బోర్డులు, పురపాలక సంఘాలు, విశ్వవిద్యాలయం ఫలానావాళ్లను ‘సిఫార్సు’ చేస్తాయి, గవర్నరు ‘నియమిస్తాడు’. ఓటుకు ఓటు, కాదంటే కాదు. అయినా తలుపు కొంచెం తెరుచుకుంది. ప్రశ్నలు అడగొచ్చు. బడ్జెట్ మీద మాట్లాడొచ్చు, దానిపై ఓటింగు మాత్రం లేదు. ఆ సందులోంచే చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టిన పనబాక ఆనందాచార్యులు, రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు పంతులు లాంటివాళ్లు సభల్లోకి వచ్చారు. ‘ది హిందూ’ పత్రికను మొదలుపెట్టిన ఆరుగురిలో సుబ్బారావు పంతులు ఒకరు. ఆనందాచార్యులు 1891 నాగపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడు.

మరి మన షేక్‌పేట? అది నిజాం రాజ్యం. ఇక్కడా 1893లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఓ శాసన మండలి ఏర్పాటు చేశారు. కుతుబ్‌షాహీల నాటి సరాయి చుట్టూ ఉన్న ఈ పల్లెలో జనానికి దాని గురించి తెలిసే అవకాశమే లేదు. ఆస్తితో, చదువుతో, ఆడా మగా తేడాతో పనిలేకుండా ఇక్కడి మనిషి అసెంబ్లీకి ఓటేసింది 1952లోనే.

భర్త, భార్య, కొడుకు

చనిపోయిన సభ్యుడి ఇంటివాళ్లనే నిలబెట్టడం మనవాళ్ల కనిపెట్టుడు అనుకుంటాం. కాదు. న్యూజిలాండ్ ఆడవాళ్లకు 1893లోనే ఓటిచ్చింది. పోటీచేసే హక్కు ఇవ్వడానికి 1919 దాకా ఆగింది. తొలి మహిళ పార్లమెంటులోకి రావడానికి 1933 పట్టింది. ఆవిడ ఎలిజబెత్ మెక్‌కూంబ్స్. లిటిల్టన్ సభ్యుడైన భర్త చనిపోతే ఉప ఎన్నికలో గెలిచారు. రెండేళ్లు తిరక్కుండానే ఆవిడా పోయారు. మళ్లీ ఉప ఎన్నిక. ఈసారి గెలిచింది వాళ్లబ్బాయి!

ఇది చదువుతుంటే మనకు పీజేఆర్ గుర్తొస్తారు. ఖైరతాబాద్‌లో తిరుగులేని నాయకుడు పి.జనార్దన్‌రెడ్డి 2007 డిసెంబరు 28న మరణించారు. 2008 ఉప ఎన్నికలో ఆయన కుమారుడు విష్ణువర్ధన్‌రెడ్డి గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజనతో జూబ్లీహిల్స్ స్థానం కొత్తగా ఏర్పడితే, 2009లో దాని తొలి ఎమ్మెల్యే కూడా ఆయనే. ఆ తర్వాత 2014 నుంచి వరసగా మూడుసార్లు గోపీనాథ్.

అయితే సానుభూతి ఎప్పుడూ ఓట్లు రాల్చదు. 2020లో దుబ్బాకలో సోలిపేట రామలింగారెడ్డి భార్య సుజాత ఓడిపోయారు. 2021లో నాగార్జునసాగర్‌లో నోముల నర్సింహయ్య కొడుకు భగత్ గెలిచారు. 2024లో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో రోడ్డు ప్రమాదంలో పోయిన లాస్య నందిత సోదరి నివేదిత ఓడారు. 2025లో సునీత కూడా ఓడారు. గెలిచిన నవీన్‌ యాదవ్ ఇక్కడ కొత్త ముఖమేమీ కాదు. 2014లో ఇదే స్థానంలో మజ్లిస్ తరఫున రెండో స్థానంలో నిలిచిన మనిషే.

తెలంగాణకు ఉప ఎన్నిక ఇంకో రకంగానూ చుట్టమే. ఉద్యమకాలంలో తెరాస దాన్ని చావులతో వచ్చేదిగా చూడలేదు. కావాలని రాజీనామా చేసి, ‘మా మాట నిజమో కాదో జనాన్నే అడగండి’ అంది. 2010 జులైలో తెలంగాణలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే తెరాస 11, భాజపా ఒకటి గెలుచుకున్నాయి. ప్రశ్న అడిగే హక్కు లేని లక్ష్మీనరసు చెట్టి కుర్చీ ఎక్కడ... కుర్చీనే ప్రశ్నగా మార్చిన ఈ పద్ధతి ఎక్కడ!

జూబ్లీహిల్స్‌లో లేని జూబ్లీహిల్స్

ఇప్పుడు ఓటుంది. ఎన్నికల సంఘం ఉంది. 1996లో చేర్చిన నిబంధన ప్రకారం సభ గడువు ఇంకా ఏడాది పైన మిగిలి ఉంటే, ఖాళీ వచ్చిన ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరపాలి. సెలవిచ్చారు, స్లిప్పులు ఇచ్చారు, ప్రచారానికి సందు సందునా మైకులు తిరిగాయి. నవంబరు 11న ఓటేసింది మాత్రం నూటికి 48 మంది పైచిలుకు.

జూబ్లీహిల్స్ అంటే అద్దాల మేడలు, సినిమావాళ్లు, పబ్బులు అని బయటివాళ్లు అనుకుంటారు. ఆ పెద్దోళ్లకు ఓటేసే ఓపిక లేదని ఓ తీర్పు కూడా ఇచ్చేస్తారు. చిత్రమేమిటంటే, జూబ్లీహిల్స్ అనగానే అందరికీ మెదిలే ఆ డివిజన్ జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో లేదు! పునర్విభజనలో ఖైరతాబాద్‌కు వెళ్లింది. ఇక్కడున్నది షేక్‌పేట, యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ, వెంగళరావునగర్ లాంటి బస్తీలూ అపార్ట్‌మెంట్లూ కలగలిసిన పేటలు. ఆటో నడిపేవాళ్లు, స్టూడియోల్లో లైట్లు మోసేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, చిన్న ఉద్యోగులు, అద్దె ఇళ్లవాళ్లు. ఇల్లు మారితే ఓటు మారదు. పాత చిరునామాలో పేరుంటుంది, కొత్త చిరునామాలో మనిషుంటాడు. రోజు కూలి పోగొట్టుకుని క్యూలో నిలబడటం అందరికీ కుదరదు. ఉప ఎన్నికతో ప్రభుత్వం మారదు కదా అన్న ఉదాసీనత సరేసరి. సినిమావాళ్లు అసలు లేరని కాదు. దర్శకుడు రాజమౌళి దంపతులు ఆ రోజు షేక్‌పేటలోనే ఓటేశారు.

లెక్క వేసి చూస్తే, ఇంట్లో ఉండిపోయినవాళ్లు రెండు లక్షల పైమాటే. గెలిచిన అభ్యర్థికి పడిన ఓట్లకు రెట్టింపు కంటే ఎక్కువ. సాయంత్రం యంత్రాలకు సీళ్లు వేసి స్టేడియానికి తరలించాక, బడుల్లో బెంచీలు తిరిగి యథాస్థానాలకు చేరాయి. మర్నాడు పిల్లలు వచ్చి వాటి మీద కూర్చున్నారు.